అమ్మకు ఓడలో స్నానం ఎలా?

పేరు వెల్లడించవద్దని కోరిన ఒక పాఠకురాలి నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. ఆమె వయసు 54 ఏళ్లు. ఉద్యోగ విరమణ చేసిన సందర్భంగా ఆమె అన్నయ్య కుటుంబమంతటినీ 7 రాత్రుల క్రూయిజ్ ప్రయాణానికి తీసుకువెళుతున్నారు. ఖర్చంతా ఆయనదే. ఓడలో ఈమెకు, 78 ఏళ్ల తల్లికి, 19 ఏళ్ల కూతురికి కలిపి ఒక క్యాబిన్ తీసుకున్నారు. తల్లికి రెండేళ్ల క్రితం ఇంట్లో స్నానం చేస్తుండగా కాలు జారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ తరువాత కోలుకున్నారు, చేతికర్ర సాయంతో బాగానే నడుస్తున్నారు, కానీ స్నానాలగది తలుపు దగ్గరకు వచ్చేసరికి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగిపోతారట.

ఇటీవల ఈ పాఠకురాలు ఓడ క్యాబిన్లను చూపే ఒక వీడియో చూశారు. అందులో ఒక మనిషి షవర్ కింద నిలబడి తల రుద్దుకోబోతే రెండు మోచేతులూ రెండు గోడలకు తగిలాయి. ఆ సంగతి అన్నయ్యతో చెబితే, “అందరూ అందులోనే స్నానం చేస్తారు, నువ్వు ప్రతిదానికీ భయపడతావు” అన్నారు. పక్కగదిలోంచి ఆ మాటలు విన్న తల్లి, తన కోసం ఎవరూ ఏమీ మార్చనక్కరలేదని, వారం రోజులూ తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటానని తేల్చి చెప్పారు. పైగా స్నానం చేయించడానికి కూతురు లోపలికి రావడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు. మిగిలిన డబ్బు కట్టడానికి 3 వారాల గడువు ఉంది. ఆ గదులు నిజంగా అంత ఇరుకా, నడవగలిగిన మనిషికి వీల్‌చైర్ వాడేవారి క్యాబిన్ అడగడం తప్పా, బాత్‌టబ్ ఉన్న పెద్ద క్యాబిన్‌కు మారితే సరిపోతుందా, లేక అమ్మను ఇంట్లోనే ఉంచి వెళ్లాలా అని ఆమె అడుగుతున్నారు. ఉత్తరం చివర మరో వాక్యం ఉంది: “అన్నయ్య మనసు నొప్పించకుండా ఈ సంగతి ఎలా కదపాలో తెలియడం లేదు.”

మీ భయం అనవసరమని నేను అనను. అయితే మీరు చూసిన వీడియో ఆ భయాన్ని వేరే చోటికి మళ్లించిందని మాత్రం అనిపిస్తోంది. ఓడ క్యాబిన్‌లోని స్నానాలగది చిన్నది, చాలా చిన్నది. ఆ మాట నిజమే. కానీ తుంటి ఆపరేషన్ అయిన మనిషికి గది ఇరుకుగా ఉండటమే ప్రమాదం కాదు. చేయి చాపితే ఏదీ అందని విశాలమైన స్నానాలగది కంటే, ఎటు ఒరిగినా భుజానికి గోడ ఆసరా ఇచ్చే గది ఒక్కోసారి మేలు. అమ్మగారి విషయంలో తెలుసుకోవలసినవి వేరే ఉన్నాయి. ఎంత ఎత్తు గడప దాటాలి, దాటేటప్పుడు చేయి దేన్ని పట్టుకుంటుంది, లోపల కూర్చుని స్నానం చేయడానికి వీలుందా. ఈ మూడింటికి జవాబు దొరికితే మీ ఉత్తరంలోని మిగిలిన ప్రశ్నలు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి.

ముందుగా ఆ గది ఎలా ఉంటుందో చెబుతాను. పెద్ద ప్రయాణికుల ఓడల్లో ఈ స్నానాలగదులను సాధారణంగా ఓడలో కట్టరు. కర్మాగారంలోనే గోడలు, నేల, కమోడ్, వాష్‌బేసిన్, పైపులతో సహా ఒక పెట్టెలా తయారుచేసి, తెచ్చి క్యాబిన్‌లో అమరుస్తారు. అందుకే ఒక ఓడలో ఒక తరగతికి చెందిన క్యాబిన్ల స్నానాలగదులు దాదాపు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఇది మీకు పనికివచ్చే సంగతి, ఎందుకంటే మీ క్యాబిన్ గది ఎలా ఉంటుందన్నది ఊహకు వదిలేయవలసిన విషయం కాదు, కచ్చితమైన కొలతలున్న విషయం. అయితే మీరు చూసిన వీడియో మీరు ఎక్కబోయే ఓడదేనా, మీ తరగతి క్యాబిన్‌దేనా అన్నది చూసుకోండి. ఒకే సంస్థకు చెందిన రెండు ఓడల మధ్య, ముఖ్యంగా వాటి వయసులో పదిహేను, ఇరవై ఏళ్ల తేడా ఉన్నప్పుడు, పోలికే ఉండకపోవచ్చు.

సాధారణ క్యాబిన్‌లో షవర్ కింద నిలబడే చోటు కాస్త అటూ ఇటూగా 75 నుంచి 90 సెంటీమీటర్ల చదరం ఉంటుంది. దాని పక్కనే, చాలాసార్లు ఒక్క అడుగు దూరంలో, కమోడ్, దానికి ఆనుకుని వాష్‌బేసిన్. పాత ఓడల్లో షవర్‌కు ప్లాస్టిక్ కర్టెన్ ఉంటుంది, కొత్త ఓడల్లో జారే తలుపో గాజు తలుపో ఉంటుంది. కర్టెన్ అంటే ప్రయాణికుల్లో చాలామందికి గిట్టదు. వేడినీళ్లు మొదలవగానే అది లోపలికి ఉబ్బి, తడి ఒంటికి అతుక్కుని, ఉన్న కాస్త చోటునూ ఆక్రమిస్తుంది. అందుకని కొత్త ఓడలో గాజు తలుపు చూసి అందరూ సంతోషిస్తారు. మీ విషయంలో నేను దానికి విరుద్ధమైన మాట చెబుతున్నాను. సాయం అవసరమయ్యే మనిషికి చాలా సందర్భాల్లో కర్టెనే నయం. దాన్ని పూర్తిగా పక్కకు లాగితే ఆ వైపంతా తెరుచుకుంటుంది, స్టూల్ పడుతుంది, బయట నిలబడినవారు తువ్వాలు అందించగలరు, అమ్మగారు కూర్చుని కాళ్లు ఒక్కొక్కటిగా లోపలికి తీసుకోగలరు. వంపు తిరిగిన జారుడు తలుపు సగమే తెరుచుకుంటుంది. ఆ సందులోంచి పక్కకు తిరిగి లోపలికి వెళ్లడం తుంటి బిగుసుకున్నవారికి కష్టం, వాళ్లు లోపల పడిపోతే బయటి నుంచి లేపడం ఇంకా కష్టం. అందుచేత, ఓడ పాతదని తెలిస్తే నిరుత్సాహపడకండి.

ఇక గడప సంగతి. ఓడ ఊగినప్పుడు స్నానాలగదిలోని నీళ్లు క్యాబిన్‌లోకి రాకుండా తలుపు దగ్గర ఎత్తైన గడప పెడతారు. ఓడను బట్టి మారినా, 6 అంగుళాల గడప సర్వసాధారణం. లోపల షవర్ చుట్టూ మరో చిన్న అంచు ఉంటుంది. అంటే అమ్మగారు స్నానానికి వెళ్లాలంటే రెండు గడపలు దాటాలి, తిరిగి వచ్చేటప్పుడు తడి పాదాలతో మళ్లీ ఆ రెండూ దాటాలి. పైగా చాలా ఓడల్లో లోపలి నేల క్యాబిన్ నేల కంటే కాస్త ఎత్తులోనో, కాస్త కిందనో ఉంటుంది, కాబట్టి లోపలికి ఎక్కినంత ఎత్తే బయటికి దిగుతామని అనుకోకూడదు. ఓడ ప్రయాణం చేసిన పెద్దవారిని అడిగి చూడండి, షవర్ ఇరుకుగా ఉందన్న ఫిర్యాదు కంటే, రాత్రి నిద్రమత్తులో ఆ గడపకు కాలివేలు తగిలిన బాధే ఎక్కువగా చెబుతారు.

ఓడ కదలిక గురించి మీరు ఉత్తరంలో ఒక్క మాటే రాశారు కానీ, అది ఇంకాస్త ఆలోచించవలసిన విషయం. ఒకసారి నేను ప్రయాణించిన ఓడలో, అలలు కొంచెం ఎక్కువగా ఉన్న రాత్రి, షవర్ కట్టేసి అడుగున మిగిలిన నీళ్లను చూస్తూ నిలబడ్డాను. గోరు లోతు కూడా లేని ఆ నీళ్లు మెల్లగా ఒక మూలకు చేరి, అక్కడ కాసేపు ఆగి, మళ్లీ రెండో మూలకు నడుచుకుంటూ వెళ్లాయి. అడుగడుగునా మధ్యలో ఉన్న తూములోకి కాస్త కాస్త జారిపోతూ, పూర్తిగా ఇంకిపోవడానికి చాలాసేపు పట్టింది. నా ఒంటికి ఆ ఊపు అంతగా తెలియలేదు కానీ, నీళ్లకు తెలిసింది. అమ్మగారి తుంటికి కూడా తెలుస్తుంది. అందుకే స్నానానికి వేళ ఎంచుకోవడం అన్నిటికంటే సులువైన జాగ్రత్త. ఓడ రేవులో కట్టేసి ఉన్నంతసేపూ నేల దాదాపు ఇంటి నేలలాగే నిలకడగా ఉంటుంది. 7 రాత్రుల ప్రయాణాల్లో సాధారణంగా మూడు నాలుగు రోజులైనా రేవుల్లో గడుస్తాయి. అందరూ ఒడ్డుకు దిగి వెళ్లాక, క్యాబిన్ నిశ్శబ్దంగా ఉన్న సమయంలో, తొందరపెట్టేవారు లేకుండా అమ్మగారు తీరిగ్గా స్నానం చేయవచ్చు. అయితే కొన్ని చోట్ల ఓడ రేవుకు కట్టకుండా సముద్రంలోనే లంగరు వేసి, ప్రయాణికులను చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. ఆ రోజుల్లో కొంత ఊపు ఉంటుంది. మీ ప్రయాణ పట్టికలో ఏ రోజు ఏ పద్ధతో ముందే రాసి ఉంటుంది.

పట్టుకోవడానికి ఏముంటుందన్న ప్రశ్నకు వస్తే, షవర్‌లో సాధారణంగా ఒక నిలువు కడ్డీ గానీ అడ్డ కడ్డీ గానీ ఉంటుంది. అది నిజంగా మనిషి బరువు మోయడానికి బిగించినదా, లేక హ్యాండ్ షవర్‌ను పైకి కిందికి జరపడానికి పెట్టినదా అన్నది అడిగి తెలుసుకోవాలి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. తువ్వాలు వేసే కడ్డీ ఆసరా కాదు. సబ్బు పెట్టే అర ఆసరా కాదు. షవర్‌లో ఒక గోడ నుంచి మరో గోడకు లాగి కట్టుకునే బట్టల తాడు చాలా క్యాబిన్లలో ఉంటుంది, తడి ఈతబట్టలు ఆరేయడానికి అది బాగుంటుంది, కానీ తూలిన మనిషి మొదట దాన్నే అందుకుంటారు కాబట్టి అమ్మగారు స్నానానికి వెళ్లే ముందు దాన్ని తప్పకుండా తీసేయండి. దుకాణాల్లో దొరికే, గోడకు గాలితో అతుక్కునే పట్లను కొనుక్కుని వెళ్లాలని మీకు అనిపించవచ్చు. నేను వద్దంటాను. గోడ పలకలు గరుకుగా ఉన్నా, వాటి అతుకుల మీద పెట్టినా అవి అకస్మాత్తుగా ఊడిపోతాయి, నమ్మి బరువు వేసిన క్షణంలోనే ఊడిపోతాయి. లేని ఆసరా కంటే ఉన్నట్టు కనిపించే ఆసరా ఎక్కువ ప్రమాదం.

మిగిలినవి పెద్ద చిక్కులు కావు. నీళ్ల ధార బాగానే వస్తుంది, వేడినీళ్లకు లోటు ఉండదు. చాలా ఓడలు సముద్రపు నీటినే శుద్ధి చేసి మంచినీళ్లుగా మార్చుకుంటాయి కాబట్టి ఉప్పునీటి స్నానమేమోనన్న సందేహం పెట్టుకోనక్కరలేదు. కుళాయి మీద తరచుగా 38 డిగ్రీల గుర్తు దగ్గర ఒక చిన్న బొత్తాం ఉంటుంది, దాన్ని నొక్కితే తప్ప అంతకంటే వేడి వైపు తిరగదు. దాన్ని నొక్కవలసిన అవసరం లేదని అమ్మగారికి ముందే చెప్పండి. షాంపూ, ఒంటి సబ్బు ద్రవం గోడకు బిగించిన డబ్బాల్లో ఉంటాయి. సబ్బుబిళ్ల వాడే అలవాటు ఉన్నా ఈ వారం మానుకోవడం మంచిది, ఎందుకంటే చేతిలోంచి జారిన బిళ్ల కోసం వంగడం, దాని మీద కాలు వేయడం, రెండూ మనకు వద్దు.

కమోడ్ గురించి మాత్రం అమ్మగారికి వివరంగా చెప్పాలి. ఓడల్లో అది నీళ్ల ఉధృతితో కాక, గాలిని పీల్చే శక్తితో పనిచేస్తుంది. ఒక లీటరుకు కాస్త అటూ ఇటూగా నీళ్లే వాడుతుంది కానీ, బొత్తాం నొక్కగానే పెద్ద చప్పుడు చేస్తూ ఒక్కసారిగా లాగేస్తుంది. ముందుగా తెలియనివారు ఉలిక్కిపడతారు, ఉలిక్కిపాటులో కాలు తడబడుతుంది. లేచి నిలబడి, కడ్డీనో గోడనో పట్టుకుని, మూత వేసి, అప్పుడు బొత్తాం నొక్కాలి. టాయిలెట్ పేపర్ తప్ప మరేదీ అందులో వేయకూడదు. తడి కాగితాలు, ప్యాడ్లు, డైపర్లు అన్నీ చెత్తబుట్టలోకే వెళ్లాలి, ఎందుకంటే ఒక క్యాబిన్‌లో పైపు మూసుకుపోతే ఆ వరుసలోని క్యాబిన్లన్నిటిలో కమోడ్లు ఆగిపోవచ్చు. శుభ్రం చేసుకోవడానికి కమోడ్ పక్కన నీళ్ల గొట్టం చాలా ఓడల్లో ఉండదు. నీళ్లు కావాలనుకుంటే పిచికారీ సీసా ఒకటి వెంట తీసుకెళ్లండి. కమోడ్ ఎత్తు కూడా అడగండి. తక్కువ ఎత్తు కమోడ్ మీద కూర్చుని లేవడం తుంటి ఆపరేషన్ అయినవారికి స్నానం కంటే పెద్ద పరీక్ష, అది రోజుకు ఒక్కసారితో పోయేదీ కాదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, ఇప్పుడు తీసుకున్న క్యాబిన్‌లోనే ఉండి, దాన్ని అమ్మగారికి అనువుగా చేసుకోవడం. చాలా క్రూయిజ్ సంస్థలు ముందుగా అడిగితే షవర్‌లో వేసుకునే స్టూల్, కమోడ్ ఎత్తు పెంచే సీటు క్యాబిన్‌కు పంపుతాయి. అవి పరిమితంగానే ఉంటాయి కాబట్టి ఓడ ఎక్కాక అడిగితే దొరకకపోవచ్చు, ఇప్పుడే రాతపూర్వకంగా అడగాలి. ఈ దారిలో ఎవరి ఏర్పాట్లూ మారవు, అన్నయ్యగారికి అదనపు భారం పడదు. కానీ ఆ రెండు గడపలు అలాగే ఉంటాయి. స్టూల్ కాళ్ల కొలత షవర్ అడుగుకు సరిపోకపోతే అది వచ్చీ ప్రయోజనం ఉండదు. హ్యాండ్ షవర్ ఉంటేనే కూర్చుని చేసే స్నానం సుఖంగా ఉంటుంది. పైనుంచి పడే షవర్ ఒక్కటే ఉంటే ధారంతా ముఖం మీద పడుతుంది.

రెండవది, వీల్‌చైర్ వాడేవారికి, నడకలో ఇబ్బంది ఉన్నవారికి కేటాయించిన క్యాబిన్. దాని తలుపులు వెడల్పుగా ఉంటాయి, స్నానాలగదికి గడప ఉండదు లేదా చిన్న వాలు ఉంటుంది, షవర్‌లోకి చక్రాల కుర్చీతోనే వెళ్లేలా నేల సమంగా ఉంటుంది, గోడకు మడత కుర్చీ, బరువు మోసే కడ్డీలు, అందే ఎత్తులో హ్యాండ్ షవర్ ఉంటాయి. నడవగలిగిన మనిషికి ఇది అడగడం తప్పా అన్నారు. ఆ క్యాబిన్లు వీల్‌చైర్‌కు మాత్రమే కాదు, గడప దాటలేని, కూర్చోకుండా స్నానం చేయలేని మనిషికి కూడా. అయితే మీ అమ్మగారు నిజంగా దాటలేరా, లేక భయపడుతున్నారా అన్నది నిజాయితీగా తేల్చుకున్నాకే అడగాలి, ఎందుకంటే అలాంటి క్యాబిన్లు ఓడలో చాలా కొద్దిగానే ఉంటాయి, అవి లేకపోతే ప్రయాణమే చేయలేని మనుషులు ఉన్నారు. సంస్థ మీ చేత ఒక పత్రం నింపిస్తుంది. అందులో ఉన్నది ఉన్నట్టు రాయండి, తగ్గించీ రాయవద్దు, పెంచీ రాయవద్దు. అవసరం ఉన్నప్పుడు ఇది ఎవరినో దేబిరించడం కూడా కాదు. విదేశీ జెండాతో తిరిగే క్రూయిజ్ ఓడలకు సైతం, అవి అమెరికా జలాల్లో ఉన్నప్పుడు, వికలాంగుల హక్కుల చట్టం వర్తిస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 2005లోనే తీర్పు చెప్పింది. ఓడ భద్రతకు భంగం కలిగించే నిర్మాణపు మార్పులు మాత్రం చేయనక్కరలేదని అదే తీర్పులో ఉంది.

ఈ దారిలో ఒక ఇబ్బంది ఉంది. ఇలాంటి క్యాబిన్లలో ముగ్గురికి పడకలు ఉన్నవి ఇంకా తక్కువ. మీ అమ్మాయి వేరే క్యాబిన్‌కు, బహుశా అన్నయ్యగారి పిల్లలతో, మారవలసి రావచ్చు. గడువులోగా మూడు వారాలే ఉన్నాయి కాబట్టి ఆ క్యాబిన్లు ఇప్పటికే నిండి ఉండవచ్చు కూడా. అలాగైతే, ఎవరైనా మానుకున్నప్పుడు ఇచ్చే వరుసలో పేరు పెట్టమని అడగవచ్చు, కానీ దాని మీదే ఆధారపడి కూర్చోకండి.

మూడవది మీరే సూచించిన బాత్‌టబ్ క్యాబిన్. పెద్ద క్యాబిన్ అంటే సదుపాయం ఎక్కువని ఎవరికైనా అనిపిస్తుంది, ప్రేమగా ఆలోచించే కొడుకులూ కూతుళ్లూ తరచుగా ఎక్కువ డబ్బు పోసి ఈ పొరపాటే చేస్తారు. చాలా క్యాబిన్లలో టబ్, షవర్ వేరువేరుగా ఉండవు. టబ్‌లోనే నిలబడి షవర్ కింద స్నానం చేయాలి. అంటే షవర్ చుట్టూ ఉండే చిన్న అంచు పోయి, మోకాలి ఎత్తు గోడ వచ్చినట్టు. తుంటి ఆపరేషన్ అయిన మనిషి తడి కాలితో దాన్ని దాటడం, మామూలు క్యాబిన్‌లోని ఇరుకు షవర్‌లోకి వెళ్లడం కంటే ఎన్నో రెట్లు కష్టం. డిస్నీ సంస్థ ఓడల్లో చాలా క్యాబిన్లకు రెండు చిన్న గదులు ఉంటాయి, ఒకదానిలో కమోడ్, మరొకదానిలో షవర్, ఒక్కోదానికి వేరే వాష్‌బేసిన్. ముగ్గురు కలిసి ఉండేటప్పుడు ఆ ఏర్పాటు ఎంతో హాయి. కానీ అక్కడ కూడా షవర్ చాలావరకు టబ్‌లోనే ఉంటుంది. టబ్ కాకుండా విడిగా, నేలకు దగ్గరగా షవర్ ఉన్న పెద్ద క్యాబిన్ దొరికితే అది మంచి దారే. సంస్థ చెప్పిన నోటి మాట మీద కాక, ఆ క్యాబిన్ తరగతి చిత్రపటం చూసి నిర్ణయించుకోండి.

అమ్మగారు చెప్పిన తడిగుడ్డ దారిని కొట్టిపారేయకండి. రేవులో ఉన్న రోజుల్లో స్నానం, సముద్రంలో ఉన్న రోజుల్లో వాష్‌బేసిన్ దగ్గర కుర్చీలో కూర్చుని గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో తుడుచుకోవడం అన్నది ఎంతో తెలివైన పద్ధతి. వారమంతా అదే అంటే మాత్రం మూడో రోజుకే ఆమెకు తన మీద తనకు చిరాకు వస్తుంది. మీ అమ్మాయి, మీరు వ్యాయామశాల దగ్గరి షవర్లు వాడుకుంటే క్యాబిన్‌లో నేల పొడిగా ఉంటుంది. అవి సాధారణంగా క్యాబిన్ షవర్ల కంటే విశాలం. అమ్మగారిని అక్కడికి తీసుకువెళ్లవచ్చు కానీ, దూరం ఎక్కువ, నలుగురూ తిరిగే చోటు, ఆమె స్వభావం చూస్తే ఒప్పుకోరనిపిస్తోంది. ఏ దారి ఎంచుకున్నా, రోజూ మొదటి స్నానం ఆమెదే కావాలి, ముగ్గురిలో ఆమె వెళ్లేసరికి నేల తడి ఉండకూడదు.

రాత్రివేళ గురించి ఒక మాట. కిటికీ లేని లోపలి క్యాబిన్‌లో దీపం ఆర్పితే కళ్లు ఎంత అలవాటు పడినా ఏమీ కనిపించదు. అమ్మగారి మంచం నుంచి ఆ గడప దాకా దారిలో పెట్టెలు, చెప్పులు ఉండకూడదు, పెట్టెలు మంచం కిందకు వెళతాయి. మనిషి కదలికకు వెలిగే చిన్న బ్యాటరీ దీపం ఒకటి గడప పక్కన పెట్టండి. క్యాబిన్ గోడలు చాలా ఓడల్లో ఇనుప రేకువే కాబట్టి, అయస్కాంతం ఉన్న దీపమైతే గోడకే అతుక్కుంటుంది.

ఇంతవరకూ చెప్పినవి కొలతలు. మీ అమ్మగారి మాట కొలతల్లోకి రాదు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు తోచినది, ఆమెకు పడిపోవడం ఒక భయమైతే, తాను బట్టలు లేకుండా ఉండగా కూతురు చూడటం అంతకంటే పెద్ద భయం. ఆ రెండో భయాన్ని మీరు తీర్చగలరు. స్టూల్ మీద ఆమె పెద్ద తువ్వాలు కప్పుకుని కూర్చోవచ్చు. మీరు తలుపు బయట, వీపు ఇటు తిప్పి కూర్చోవచ్చు. తలుపు వేసి ఉంటుంది కానీ గడియ పడదు, ఇదొక్కటీ ఆమె ఒప్పుకోవాలి. గడప దాటేటప్పుడు రెండుసార్లే, లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, పైబట్ట ఉండగానే మీ చేయి అందుకుంటారు. మిగిలిన స్నానమంతా ఆమె సొంతం. “నేను చేయిస్తాను” అనకుండా “నేను బయట ఉంటాను” అని చూడండి. ఆమె అన్న మాట వద్దన్న మాటో, భారం కాకూడదన్న మాటో అప్పుడు తెలుస్తుంది. ఇంట్లో ఉండిపోవడం అనే దారి కూడా ఆమె నోటి నుంచి రావాలి తప్ప, ఆమె వినని చోట మీరూ అన్నయ్యగారూ నిర్ణయించేది కాకూడదు. కొలతలన్నీ తెలిశాక కూడా ఆమె వద్దంటే, అది మర్యాదగా ఒప్పుకోవలసిన నిర్ణయమే. తెలియకముందే వద్దనిపించుకుంటే, ఆ వారమంతా ఓడలో మీకు, ఇంట్లో ఆమెకు మనసు బాగుండదు.

అన్నయ్యగారి విషయంలో, మీరు భయం గురించి మాట్లాడినంతకాలం ఆయన ధైర్యం గురించే మాట్లాడతారు. తన బహుమతిలో తప్పు వెతుకుతున్నారని కూడా ఆయనకు అనిపించి ఉంటుంది. అందుకని ఈసారి ఫిర్యాదుగా కాకుండా, ఒక పనిగా అప్పగించండి. క్యాబిన్ ఆయన పేరు మీద ఉంది కాబట్టి సంస్థకు రాయవలసినదీ ఆయనే. “అన్నయ్యా, అమ్మ రావాలని నాకూ అంతే ఉంది. మన క్యాబిన్ నంబరు చెప్పి ఈ నాలుగు సంగతులు కనుక్కో: స్నానాలగది గడప ఎత్తెంత, షవర్ లోపలి కొలత ఎంత, తలుపా కర్టెనా, హ్యాండ్ షవర్ ఉందా. దాంతోపాటు స్టూల్, కమోడ్ ఎత్తు సీటు కావాలని రాయి” అంటే చాలు. కాదనడానికి అందులో ఏమీ లేదు. జవాబు రాతలో తెప్పించుకోమనండి, మిగిలిన డబ్బు కట్టే రోజుకు కనీసం పది రోజుల ముందు అందేలా ఇప్పుడే పంపమనండి, ఎందుకంటే డబ్బు పూర్తిగా కట్టాక క్యాబిన్ మార్చడం గానీ ప్రయాణం మానుకోవడం గానీ ఖరీదైన వ్యవహారం అవుతుంది.

ఆ జవాబు వచ్చిన రోజు, ఇంట్లో ఖాళీగా ఉన్న ఒక గోడ మూలలో సుద్దముక్కతో వాళ్లు చెప్పిన కొలతకు చదరం గీయండి. లోపల ఇంట్లో ఉన్న స్టూల్ వేయండి. చదరం ముందు గడప ఎత్తుకు సరిపోయేలా కదలని చెక్కదిమ్మ ఒకటి పెట్టండి. పొడి నేల మీద, బట్టలతోనే, మీరు పక్కన ఉండగా అమ్మగారు ఆ దిమ్మ దాటి, వెనక్కు తిరిగి, స్టూల్ మీద కూర్చుని, లేచి, మళ్లీ బయటికి వచ్చి చూడాలి. ఏ కాలు ముందు వేయాలో అంతకుముందే ఆమెకు వైద్యం చేసిన ఫిజియోథెరపిస్టును అడగండి. మూడు రోజులు వరుసగా చేయించండి, ఒకరోజు అన్నయ్యగారిని కూడా రమ్మనండి. మూడో రోజుకు ఆమె మీ చేయి పట్టుకోకుండానే దాటుతుంటే ఇప్పుడున్న క్యాబిన్ చాలు. ప్రతిసారీ గోడ కోసం తడుముకుంటుంటే గడప లేని క్యాబిన్ కోసం పత్రం నింపండి. ఆ పత్రం మీరు నింపనక్కరలేదు, అన్నయ్యగారే అడిగి నింపుతారని నేను అనుకుంటున్నాను.